ఉల్కాశిలను శోధించిన సింహళీయుడు

1969వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ ఆదివారము. ఆస్ట్రేలియా ఖండమున విక్టోరియా రాష్ట్రములో, మెల్‌బోర్న్ నగరమునకు ఉత్తరముగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున మర్చిసన్ అను చిన్న పట్టణము కలదు. ఆనాటి ఉదయము పదునొకండు గంటల వేళ ఆకాశమున ఒక అగ్నిగోళము ప్రకాశించి, ముక్కలై, ఉరుమువంటి ధ్వనితో ఆ పట్టణపు పరిసరములలో నల్లని రాళ్లుగా రాలెను. ఒక రాయి గడ్డి నిలువచేసిన శాల కప్పును చీల్చుకొని లోపలి గడ్డిలో పడెను. రాళ్లను చేతబట్టి చూచినవారికి స్పిరిటు వంటి వాసన తగిలెను. పొలములలోను, బాటల ప్రక్కలను ఏరి కూర్చిన రాళ్ల మొత్తము నూరు కిలోగ్రాములకు మించెను.

ఆకాశమునుండి రాళ్లు పడుట క్రొత్తకాదు. కాని ఆ సమయమున అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక ప్రయోగశాల సర్వసన్నద్ధమై యుండెను. అందలి గదులలోనికి ధూళిని రానీయరు. రాతిని ఉత్తచేతితో తాకనీయరు. పదార్థములో పదికోట్లవ వంతు, అంతకంటె తక్కువ యున్న వస్తువును గూడ గుర్తింపగల యంత్రములు అచట అమరియుండెను. నిజమునకు ఆ ఏర్పాటులన్నియు చంద్రమండలపు మట్టికొరకు చేసినవి. ఆ శాఖకు అధిపతి సింహళదేశపు రసాయన శాస్త్రజ్ఞుడు, సిరిల్ ఆండ్రూ పొన్నంపెరుమ.

ఆయన 1923వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన, సింహళమునకు దక్షిణపు కొననున్న గాలె పట్టణమున జన్మించెను. ప్రాథమిక విద్య స్వదేశముననే జరిగెను. తరువాత మదరాసు విశ్వవిద్యాలయమునుండి 1948లో బి.ఏ. పట్టము పొందెను. ఆ కాలపు తెలుగు పట్టభద్రులలో అనేకుల పట్టములపై నున్న ముద్రయే ఆయన పట్టముపైనను ఉండెను. అయితే ఆయన చదివినది రసాయనశాస్త్రము కాదు, తత్త్వశాస్త్రము. ప్రాణము ఎక్కడనుండి వచ్చినది అను ప్రశ్న తత్త్వశాస్త్ర విద్యార్థికి క్రొత్తది కాదు గదా. దానికి సమాధానమును గ్రంథములలో వెదకుటకు బదులు గాజుగొట్టములలో వెదకవలెనని ఆయన బయలుదేరెను. ఆ మార్పు ఒక్కనాట జరిగినది కాదు. పదునొకండు సంవత్సరములకు, అనగా 1959లో, ఆయన లండను విశ్వవిద్యాలయపు బర్క్‌బెక్ కళాశాలనుండి రసాయనశాస్త్రములో బి.ఎస్‌సి. పట్టము గ్రహించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు. ఆ వయస్సునకు తోడివారు అనేకులు ఆచార్య పదవులలో కుదురుకొనియుందురు.

బర్క్‌బెక్‌లో ఆయనకు జె. డి. బెర్నాల్ గారి సాంగత్యము లభించెను. బెర్నాల్ స్ఫటికములను ఎక్స్-కిరణములతో పరిశోధించుటలో అగ్రగణ్యుడు. జీవోత్పత్తి ఎట్లు జరిగియుండును అను విషయమున ఆయనకు గాఢమైన ఆసక్తి. బురదమట్టి కణములపై కర్బన పదార్థములు పేరుకొని, ఒకదానితో నొకటి కలసి, క్రమముగా జీవమునకు దారితీసియుండవచ్చునని ఆయన ప్రతిపాదించియుండెను. ఇంతకుముందే రష్యాలో ఒపారిన్ 1924లోను, ఇంగ్లండులో హాల్డేన్ 1929లోను ఇదే త్రోవన ఆలోచించిరి. ఆదికాలమున భూమిపై ప్రాణవాయువు లేని వాతావరణములో సామాన్యమైన వాయువులనుండి క్రమముగా జటిల పదార్థములు పుట్టినవనియు, వానినుండియే జీవము రూపొందినదనియు వారి భావము.

ఈ భావము చిరకాలము కాగితముపైననే యుండెను. 1953లో స్టాన్లీ మిల్లర్ అను యువకుడు చికాగోలో, తన గురువు హెరాల్డ్ యూరీ ప్రోత్సాహముతో దానిని గాజుబుడ్డిలోనికి దింపెను. మీథేన్, అమ్మోనియా, ఉదజని వాయువులను నీటిఆవిరితో కలిపి, వానిగుండ కొన్ని దినములు విద్యుత్తు మెరపులను ప్రసరింపజేయగా బుడ్డిలోని నీరు రంగుమారెను. ఆ నీటిలో అమినో ఆమ్లములు కనబడెను.

ఈ అమినో ఆమ్లములెవ్వి? పప్పులోను, పాలలోను, గ్రుడ్డులోను, మన కండలలోను ఉండు మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, వీనితో కట్టబడినవే. గోడకు ఇటుకయెట్లో మాంసకృత్తునకు అమినో ఆమ్లమట్లు. చీమ మొదలు ఏనుగు వరకు, గరికపోచ మొదలు మఱ్ఱిమాను వరకు జీవకోటియంతయు ఇరువది రకముల ఇటుకలతోనే ఈ గోడలను కట్టుచున్నది. కనుక మిల్లర్ ప్రయోగఫలితము విన్న నాటి యువ శాస్త్రజ్ఞులకు నిద్రపట్టలేదనిన ఆశ్చర్యము లేదు.

పొన్నంపెరుమ లండనునుండి అమెరికాకు వెడలి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మెల్విన్ కాల్విన్ వద్ద చేరెను. ఆకులు సూర్యరశ్మితో ఆహారమును తయారుచేయు విధమును కనుగొనినందులకు కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమానము వచ్చెను. మరుసటి ఏటనే, 1962లో, పొన్నంపెరుమ డాక్టరేటు పట్టము పొంది, అమెరికా అంతరిక్ష సంస్థ నాసావారి ఏమ్స్ పరిశోధనాలయమున చేరెను. అచట ఆయన పని వేగముగా సాగెను. మీథేన్, అమ్మోనియా, నీరు కలిపిన మిశ్రమముపై ఎలక్ట్రానుల ధారను ప్రసరింపజేయగా అడినీన్ పుట్టినదని 1963లో ఆయనయు, కాల్విన్ మొదలగు సహచరులును ప్రకటించిరి. తల్లిదండ్రుల లక్షణములు బిడ్డలకు సంక్రమింపజేయు న్యూక్లియిక్ ఆమ్లములలో అడినీన్ ముఖ్యమైన భాగము. అదే సంవత్సరమున కార్ల్ సేగన్, రూత్ మారినర్ అను వారితో కలసి, జీవకణములకు శక్తి నొసగు ఏ.టీ.పీ. అను పదార్థమును అతినీలలోహిత కిరణముల సాయమున తయారుచేసి చూపెను. ఆ అక్టోబరులో ఫ్లోరిడాలోని వకుల్లా స్ప్రింగ్స్‌లో జీవోత్పత్తి శాస్త్రజ్ఞుల సభ జరిగెను. పొన్నంపెరుమ అందు పాల్గొనెను. ఒకరినొకరు ఎరుగకయే ఒకే సిద్ధాంతమును కనుగొనిన ఒపారిన్, హాల్డేన్ మొట్టమొదటిసారి ముఖాముఖి కలసికొనినది ఆ సభలోనే. హాల్డేన్ అప్పటికి భారతదేశమున స్థిరపడియుండెను. మరుసటి సంవత్సరమే భువనేశ్వరమున మరణించెను.

అయితే ఈ ప్రయోగములన్నిటికి ఒక కొరత యుండెను. గాజుబుడ్డిలో ఏమి జరిగినను అది మనుష్యుడు జరిపించినదే. ప్రకృతి తనంతట తానట్లు చేసినదనుటకు సాక్ష్యమేది? భూమిపై ఆ సాక్ష్యము దొరకదు. జీవము పుట్టిన తరువాత అది అంతకుముందటి ఆనవాళ్లన్నిటిని తినివేసినది. జీవమెన్నడును అడుగుపెట్టని చోట వెదకవలెను. అట్టి చోట్లు రెండు: ఒకటి చంద్రుడు, రెండవది ఉల్కాశిలలు.

ఉల్కాశిలలలో కొన్నిటియందు కర్బనము విశేషముగా కలదని చాలకాలమునుండి తెలియును. 1806లో ఫ్రాన్సుదేశమున ఆలె వద్ద పడిన అట్టి రాతిని స్వీడను రసాయనజ్ఞుడు బెర్జీలియస్ 1834లో పరిశీలించెను. అందు కర్బన పదార్థము కనబడినను అంతమాత్రమున అది జీవులున్న చోటినుండి వచ్చినదనుటకు వీలులేదని ఆయన తీర్మానించెను. ఆ నిగ్రహము తరువాతివారందరికి లేకపోయెను. 1961లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు, 1864లో ఫ్రాన్సుదేశపు ఓర్గ్వై గ్రామమువద్ద పడిన ఉల్కాశిలలో జీవుల అవశేషములవంటివి కలవని ప్రకటింపగా లోకమంతయు అలజడి చెలరేగెను. విమర్శకులు పరిశీలింపగా వానిలో కొన్ని పుప్పొడి రేణువులని తేలెను. ఇంతలో మరియొక వింత బయటపడెను. ఆ రాతి ముక్క ఒకటి పడిననాటినుండి గాజుపాత్రలో మూసిపెట్టబడియుండెను. దానిని పగులగొట్టి చూడగా తుంగను పోలిన మొక్క గింజలు, బొగ్గు ముక్కలు దొరకెను. నూరేండ్ల క్రిందట ఎవరో పరిహాసమునకో, పండితులను పరీక్షించుటకో ఆ గింజలను రాతిలో పొదిగి జిగురుతో అతికిరి. వారు కోరిన అలజడి వారి జీవితకాలమున మాత్రము కలుగలేదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరియొకటి. మనుష్యుని వ్రేళ్లపై చెమటతోపాటు అమినో ఆమ్లములును ఉండునని 1965లో ఇరువురు ముగ్గురు పరిశోధకులు వేరువేరుగా నిరూపించిరి. ఒక్క వ్రేలిముద్ర చాలును, రాతిలో లేని అమినో ఆమ్లములు దానిపై కనబడుటకు. ఉల్కాశిలలలో అమినో ఆమ్లములు దొరకినవని అంతవరకు వెలువడిన ప్రకటనలన్నియు దీనితో అనుమానాస్పదములయ్యెను. అవి ఆకాశమునుండి వచ్చినవో, వస్తుప్రదర్శనశాల గుమాస్తా చేతినుండి వచ్చినవో చెప్పగలవారెవరు?

ఈ స్థితిలో అపోలో-11 వ్యోమగాములు 1969 జూలై మాసమున చంద్రునినుండి మట్టియు రాళ్లును తెచ్చిరి. దానిలో కర్బన పదార్థములను వెదకు పని పొందినవారిలో పొన్నంపెరుమ బృందమొకటి. వ్రేలిముద్రల పాఠమును వారు మరువలేదు. పాత్రలను, ద్రావకములను, చివరకు నీటిని గూడ ఎంత శుద్ధిచేయవచ్చునో అంత శుద్ధిచేసిరి. మట్టి వచ్చెను. పరీక్షలు జరిగెను. ఫలితము 1970 జనవరిలో ప్రకటితమయ్యెను. చంద్రుని ధూళిలో కర్బనము స్వల్పముగా కలదు గాని, వారి యంత్రములకు అందునంతటి అమినో ఆమ్లములు లేవు. ఏండ్లతరబడి వండిన విందునకు అతిథి రాలేదు.

అతిథి మరియొక ద్వారమున వచ్చెను. మర్చిసన్ రాళ్లు పడినది చంద్రుని మట్టి పరిశోధకులకు అందిన ఆ రోజులలోనే. చంద్రునికొరకు నేర్చిన జాగ్రత్తలన్నియు ఇప్పుడు ఈ రాతికి ఉపయోగపడెను. అది కర్బనము మెండుగా గల అరుదైన జాతి రాయి. పైగా క్రొత్తగా పడినది. నూరేండ్లు బీరువాలలో పడియుండి పదిమంది చేతులు మారినది కాదు. అరిజోనా విశ్వవిద్యాలయములలో ఒకదానియందు ఉల్కాశిలల కేంద్రమును నడుపుచుండిన కార్ల్‌టన్ మూర్ ఈ పరిశోధనలో చేయికలిపెను. ఏమ్స్‌లో పగుళ్లు తక్కువగానున్న రాతిని ఎన్నుకొని, పైభాగమును విడిచి, లోపలి ముక్కను మాత్రమే తీసి నూరిరి. ఆ పొడిని నీటితో కాచి, ఆమ్లముతో చర్యజరిపి, అందలి పదార్థములను వేరుచేసి, ఒక్కొక్కదానిని గుర్తించిరి. గ్లైసీన్, అలనీన్, వాలీన్, ప్రోలీన్, గ్లుటామిక్ ఆమ్లము కనబడెను. రాతి గ్రాములో అవి కొలది మైక్రోగ్రాములు మాత్రమే.

ఇవి చేతి మాలిన్యము కావని ఎట్లు తెలియును? ఈ ప్రశ్నకు వారు చెప్పిన సమాధానము మూడు సాక్ష్యములతో కూడినది. మొదటిది: ఆ రాతిలో సార్కోసీన్, ఆల్ఫా అమినో ఐసోబ్యుటిరిక్ ఆమ్లము వంటివి కూడ కలవు. ఇవి జీవుల మాంసకృత్తుల ఇరువది ఇటుకలలోనివి కావు. వ్రేలిముద్రనుండి అవి రావు. మూడవ సాక్ష్యమును ముందుగా చెప్పవచ్చును. కర్బనము బరువునుబట్టి పలు విధములు. జీవులు తేలికయైన కర్బనమును ఎక్కువగా గ్రహించును. ఈ రాతినుండి తీసిన పదార్థములో బరువైన కర్బనము భూమిపై జీవపదార్థములలో కంటె హెచ్చుగానుండెను. లాస్ ఏంజలెస్‌లోని విశ్వవిద్యాలయమున ఐజాక్ కాప్లాన్ ఈ కొలతలలో నిపుణుడు.

రెండవ సాక్ష్యము అన్నిటికంటె బలమైనది. దానికి కొంత వివరణ యవసరము. ఎడమకాలి చెప్పు కుడికాలికి పట్టదు. రెండిటికి తోలు ఒకటే, కొలత ఒకటే, కాని ఒకటి మరియొకదానికి అద్దములోని ప్రతిబింబము. కొన్ని రసాయన పదార్థములు అట్లే రెండు రూపములలో నుండునని 1848లో లూయీ పాశ్చర్ కనుగొనెను. మాంసకృత్తుల అమినో ఆమ్లములలో గ్లైసీన్ తప్ప తక్కినవన్నియు ఇట్టివే. గాజుబుడ్డిలో తయారుచేసినచో ఎడమ, కుడి రూపములు సరిసమానముగా పుట్టును. జీవులు మాత్రము తమ మాంసకృత్తులలో ఎడమ రూపమునే వాడును. చర్మకారుడు వేయి చెప్పులు కుట్టి, ఎడమకాలివి మాత్రమే అంగడిలో పెట్టినట్లున్నది ఈ వ్యవహారము. కనుక రాతిలోని అమినో ఆమ్లములు మనుష్యుని చేతినుండియో, నేలలోని సూక్ష్మజీవులనుండియో చేరినవైనచో అవి ఎడమవై యుండవలెను. మర్చిసన్ రాతిలో ఎడమయు, కుడియు ఇంచుమించు సమానముగానుండెను. అవి ఏ ప్రాణియు తయారుచేయనివి, భూమిపై పుట్టనివి.

ఈ ఫలితము 1970 డిసెంబరు 5వ తేదీ నేచర్ పత్రికలో వెలువడెను. వ్యాసమునకు కర్తలు ఎనమండుగురు. మొదటి పేరు కీత్ క్వెన్‌వోల్డెన్‌ది. పొన్నంపెరుమ పేరు ఆరవది. తరువాతి కాలమున కొన్ని పత్రికలు ఈ కీర్తినంతయు ఆయనకే కట్టబెట్టెను. అది న్యాయము కాదు. శాఖను నిర్మించి, ఇంతటి నిపుణులను ఒకచోట కూర్చి, వెదకవలసినదేమో నిర్ణయించిన ఘనత ఆయనది. రాతిని నూరి లెక్కకట్టిన శ్రమ అందరిది. 1950లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున ముర్రే వద్ద పడిన రాతిలోను ఇట్టి ఫలితమే లభించినదని 1971లో ఆ బృందము తెలిపెను. 1972లో మిల్లర్ తన పూర్వ ప్రయోగమును మెరుగైన యంత్రములతో తిరిగి పరిశీలింపగా, మర్చిసన్ రాతిలోని జీవేతర అమినో ఆమ్లములు అనేకము తన బుడ్డిలోను పుట్టినట్లు తేలెను. ఇరువది సంవత్సరముల క్రితము చికాగోలో మెరసిన మెరపునకు ఆకాశమునుండి సాక్ష్యము వచ్చెను.

1971లో పొన్నంపెరుమ ఏమ్స్‌ను విడిచి మేరీలాండ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, రసాయన పరిణామ ప్రయోగశాలను నెలకొల్పెను. మరుసటి ఏట జీవోత్పత్తిపై సామాన్య పాఠకులకొరకు ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన మంచి వక్త. జటిలమైన విషయమును సభలో కూర్చున్న విద్యార్థికి అందునట్లు చెప్పగలవాడు. అయితే ప్రయోగశాలనుండి వార్త సరాసరి పత్రికలకు పోవుట ఒక్కొక్కప్పుడు చిక్కు తెచ్చును. 1983లో, న్యూక్లియిక్ ఆమ్లములలోని ఐదు క్షారములును మర్చిసన్ రాతిలో కలవని ఆయన ప్రకటించెను. తరువాత వెదకినవారికి ఐదింటిలో మూడు దొరకెను గాని సైటోసీన్, థైమీన్ చిరకాలము దొరకలేదు. 2022లో జపాను శాస్త్రజ్ఞులు అంతకంటె సూక్ష్మమైన పద్ధతులతో ఆ రెండిటి జాడలను కూడ పట్టుకొనిరి. అప్పటికి ఆ ప్రకటనకు ముప్పదితొమ్మిది ఏండ్లు.

స్వదేశమును ఆయన మరువలేదు. 1984లో శ్రీలంకలోని కాండీయందలి మౌలిక పరిశోధనా సంస్థకు సంచాలకుడై, దేశాధ్యక్షునకు శాస్త్ర విషయములలో సలహాదారుగను వ్యవహరించెను. బీదదేశముల విద్యార్థి ఉన్నత పరిశోధనకై సముద్రములు దాటనవసరము లేని దినము రావలెనని ఆయన తపన. తాను దాటినవాడు గనుక ఆ ప్రయాణపు వెల ఆయనకు తెలియును. ఇటలీలోని ట్రియెస్ట్ నగరమున అబ్దుస్ సలాం స్థాపించిన కేంద్రముననే 1992నుండి రసాయన పరిణామముపై సభలు జరిపించెను. 1994 డిసెంబరు 20వ తేదీన వాషింగ్టన్‌లో మరణించెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియొక్క ఏండ్లు.

ఆయన మరణించిన మూడవ ఏట మర్చిసన్ రాయి మరియొక రహస్యమును బయటపెట్టెను. అరిజోనాలో జాన్ క్రోనిన్, సాండ్రా పిజ్జరెల్లో అను వారు, భూమిపై జీవులలో మిక్కిలి అరుదైన కొన్ని అమినో ఆమ్లములను మాత్రమే ఎన్నుకొని కొలిచిరి. వానిలో ఎడమ రూపము కొలదిగా హెచ్చుగానున్నదని 1997లో వారు తెలిపిరి. జీవులన్నియు ఎడమనే ఎన్నుకొనుటకు బీజము ఆకాశముననే పడినదా అను ఆశ దీనితో చిగురించెను. అది నేటికిని తేలలేదు. 2023 సెప్టెంబరు 24వ తేదీన నాసావారి వ్యోమనౌక ఒకటి బెన్నూ అను చిన్న గ్రహశకలమునుండి మట్టిని తెచ్చి, ఏ మనుష్యుని వ్రేలును సోకని పేటికలో భూమికి దింపెను. 2025 జనవరిలో ప్రకటించిన పరీక్షల ప్రకారము, జీవుల ఇరువది అమినో ఆమ్లములలో పదునాలుగు అందు కలవు. పొన్నంపెరుమ 1983లో మర్చిసన్ రాతిలో ఉన్నవనిన ఐదు క్షారములును కలవు. అమినో ఆమ్లముల ఎడమ, కుడి రూపములు మాత్రము ఆ మట్టిలో ఇంచుమించు సరిసమానముగానే యున్నవి.